ఒక్క పెండ్లి కోసం కొట్టిన అట్టలు

అట్టలాయన పోయినాడని పెనుకొండ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను శనక్కాయలు వొలుస్తున్నా. ఫోను ఎత్తిన కోడలు నా మొహంలోకి చూసింది. నేను ఏడుస్తాననుకొందేమో. మిగిలిన కాయలు వొలిచి, గింజలు డబ్బాలో పోసి, పొట్టు పొయ్యికి పనికొస్తుందని సంచికెత్తి, అప్పుడు గోడకు ఆనుకొని కూర్చున్నా. ఆయన ఉన్నా అట్లనే చెయ్యమనేవాడు. సగం పని వదిలి లేచేవాళ్ళంటే ఆయనకు గిట్టదు.

ఆయనకు పేరు లేక కాదు. ధర్మవరంలో మా వీధిలో ఎవరూ ఆ పేరు వాడలేదు, నేనూ ఇక్కడ రాయను. మగ్గాలకు అట్టలు కొట్టేవాడు గాబట్టి అట్టలాయన. ఇంట్లో ఆయన పెండ్లాం కూడా అట్లనే పిలిచేదని చెప్పి నవ్వేవాడు.

అట్టలంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్తా. మా మగ్గం నెత్తిన జకార్డు అని ఒక పెట్టె ఉంటుంది. బొక్కలు కొట్టిన అట్టముక్కలను దండ మాదిరి కుట్టి దానికి వేలాడదీస్తాం. నేసేవాడు కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతుంది. బొక్క ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంచులో మామిడిపిందె అయినా, కొంగులో నెమలి అయినా ఆ బొక్కల్లోంచి పుట్టాల్సిందే. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి, ఆ గళ్ళు చూసుకుంటూ ఇనుప పోటుతో, కొయ్య సుత్తితో ఒక్కో బొక్కా కొట్టడం ఆయన పని.

రోజూ పెనుకొండ నుంచి పొద్దున ప్యాసింజరుకు ధర్మవరంలోని తన అంగడికి వచ్చేవాడు. బండి ఆలస్యమైతే ప్లాట్‌ఫారం బెంచీ మీదే అట్ట పరిచి టకటకా కొడుతుండేవాడంట. పెన్సిలుకు రెండు పక్కలా మొన చెక్కేవాడు, ఒక పక్క అరిగితే తిప్పుకొనేదానికి. నేను ఎంత పొదుపు మనిషినైనా ఆ ఉపాయం నాకు తోచలేదు. ఆయన చొక్కా జేబుల నిండా, తల వెంట్రుకల్లో, బొక్కల్లోంచి రాలిన అట్ట చుక్కలే. మా ఇంట్లో కూర్చొని లేస్తే చాప మీద బొరుగులు చల్లినట్లుండేది.

"ఏమప్పా, ఊడ్చేదానికి నీకు కూతురుండాదా ఈడ?" అని నేను అరిస్తే, "అక్కా, ఇవి రాలితేనే నీ చీరలో పువ్వు పూసేది" అనేవాడు. అని, వంగి తానే ఏరుకొనేవాడు. నేను వద్దన్లేదు ఎప్పుడూ.

ఏ అట్ట చేతికొచ్చినా ముందు వెలుతురుకు పట్టి ఒక కన్ను మూసి చూసేవాడు. "చూద్దాం, అట్ట ఏమంటాదో" అనేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మా కోడలు దోసె వేసి పెడితే దాన్ని కూడా రెండు చేతులా ఎత్తి కిటికీకి పట్టినాడు.

"ఈడ ఒక బొక్క తప్పిపోయింది పాపా."

"తినేదానికి బొక్కలెందుకు మామా?"

"ఊరుబిండి పచ్చడి దిగల్ల గదా!"

మా ఇంటాయన మగ్గం కింద కాళ్ళు పెట్టుకొనే గుంతలో కూర్చొని పొట్ట పట్టుకొని నవ్వినాడు. నాకూ నవ్వొచ్చింది గానీ చూపించలేదు. నవ్వితే రెండో దోసె అడిగే రకం.

అట్టలాయన అంగట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒక ఇంటికి కొత్త డిజైను అట్టలు కొట్టి ఇస్తే, ఆ ఇంటివాళ్ళు ఆ డిజైనుతో ఒక పడుగు పూర్తిగా నేసేదాకా ఇంకెవరికీ అవి ఇచ్చేవాడు కాదు. పడుగంటే మగ్గానికి ఒకేసారి ఎక్కించే నిలువు పోగులు. అది అయిపోయేలోగా కొత్త డిజైను మీద నాలుగు దుడ్లు చూసుకొనేవాళ్ళం. ఆ మాట మీదే మా మూడు మగ్గాలు ఆడేవి.

ఆ కట్టుబాటును చెడగొట్టింది ఆయన కాదు. తొంభైల చివర్లో మా వీధి కొసన ఒక ఆసామి కరెంటు మగ్గాల షెడ్డు వేసినాడు. ఆయప్పకు అట్టలాయనతో పని లేదు. మేము కొత్త చీర అంగడికి వేస్తే చాలు, ఎవరి చేతనో ఒకటి కొనిపించి, భూతద్దం కింద పెట్టి పోగులు చూసి, అదే బొమ్మను తన మగ్గాలకెక్కించేవాడు. మేము ఇంకా రెండో చీర నేస్తుండగానే ఆ షెడ్డులోంచి అవే నెమళ్ళు కుప్పలుగా దిగేవి. పట్టు కాదు, జరీ కాదు, అయినా దూరం నుంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది? హిందూపురం అంగడివాళ్ళు మా చీర ఎత్తి చూసి, "ఇదే డిజైను సగానికి సగం తక్కువకు వస్తాండాది గదమ్మా" అని మళ్ళీ మడిచి పెట్టేవాళ్ళు.

మా రెండు మగ్గాలు నిలిచిపోయినాయి. నా కొడుకు బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనికి పోయినాడు. పోతూ పోతూ, "అమ్మా, ఆ ఖాళీ మగ్గాల కొయ్య అమ్మేద్దాం" అన్నాడు.  అట్టలాయన అంగట్లో సుత్తి చప్పుడు కూడా పలచబడింది. కొత్త డిజైను కొట్టించినా దొంగలపాలే అయినప్పుడు ఎవరు కొట్టిస్తారు? తమ మగ్గాలు అమ్ముకొన్నవాళ్ళు ఆయనకు కూడా చెప్పినారు, ప్యాసింజరు చార్జీ అయినా మిగిలేటట్లు పెనుకొండలోనే చిల్లర కొట్టు పెట్టుకోమని.

ఆయన చిల్లర కొట్టు పెట్టలేదు. హిందూపురం పోయి కంప్యూటరు నేర్చుకొనేదానికి చేరినాడు.

యాభై దాటిన మనిషి, తెల్ల పంచె, చెవిలో రెండు మొనల పెన్సిలు. చుట్టూ డిగ్రీ పిల్లకాయలు. అది పెండ్లిపత్రికలు, విజిటింగు కార్డులు అచ్చేసే చోటు కూడా. నేర్పించే పిల్ల ఈయన చేతికి మౌసు ఇస్తే, జీవితమంతా సుత్తి కొట్టిన చెయ్యి గదా, దాన్నీ అట్లనే కొట్టినాడంట.

"పెద్దాయనా, మెల్లగా! అది పగిలిపోతాది."

"మెల్లగా కొడితే బొక్క పడుతుందా పాపా?"

"దీంట్లో బొక్కలు పడవు!"

"పడకపోతే నేను ఎందుకొచ్చినట్లు?"

ఇదంతా ఆయనే మా ఇంట్లో కూర్చొని, ఆ పిల్ల గొంతు, తన గొంతు మార్చి మార్చి చెప్పినాడు. తన మీద తాను నవ్వుకొనే మగవాళ్ళను నేను శానా తక్కువమందిని చూసినా. నేర్చుకొన్నాక పాత కంప్యూటరు ఒకటి కొని ధర్మవరం అంగట్లో పెట్టి, పసుపు కుంకుమ పెట్టినాడు. వీధిలో వాళ్ళు టీవీ తెచ్చినాడనుకొని మ్యాచి చూసేదానికి వచ్చినారు. రోజుల తరబడి గళ్ళ కాగితం మీద గీసే బొమ్మ, ఒక్క పూటలో తెర మీద వచ్చేది. అట్టలు మాత్రం చేత్తోనే కొట్టేవాడు.

నేను అడిగినా. "నువ్వు తొందరగా గీస్తే ఆ షెడ్డాయన తొందరగా ఎత్తుకుంటాడు. దీంట్లో నీకేం ఒరిగింది అబ్బా?"

ఆయన కొన్నాళ్ళకు వచ్చి గడపలో నిలబడినాడు.

"అక్కా, కోపం చేసుకోకుండా ఒక మాట ఇంటావా?"

"కోపమొచ్చే మాటైతే చెప్పనే వద్దు."

"అయితే కోపం చేసుకొనే ఇను. నేను హిందూపురంలో నేర్చుకొనేటప్పుడు పెండ్లిపత్రికలు అచ్చేసేది చూసినా. అదే వినాయకుడు, అవే అరిటాకులు. పేర్లు మాత్రం ఒక్కో పెండ్లికి మారుస్తాండారు. మనం గూడా చీర కొంగులో పెండ్లికూతురు పేరు, పెండ్లికొడుకు పేరు నేస్తే?"

"చీర మీదనా? స్టీలు గిన్నెల మీద కొట్టిచ్చినట్లా?"

"అట్లనే."

"పెండ్లి నిలిచిపోతే ఆ చీర ఎవురు కట్టుకుంటారు, నువ్వా?"

మగ్గంలోంచి మా ఇంటాయన, "కట్టుకుంటే కట్టుకోనీలే, పంచె చినిగిపోయింది ఆయప్పకు" అన్నాడు.

అట్టలాయన నవ్వలేదు. "ఇంకెవురూ కట్టుకోరు. అందుకే నేద్దామంటాండా" అన్నాడు.

ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు. కానీ ఖాళీ మగ్గం మీద దుమ్ము తుడిచీ తుడిచీ నాకూ విసుగొచ్చింది. ఒప్పుకొన్నా. అయితే చీర కావాలన్నవాళ్ళే పట్టు, జరీ ముందుగా తెచ్చియ్యాలని, పెండ్లి జరిగినా జరక్కపోయినా మా కూలి మాకు రావాలని చెప్పినా. అరువు బేరం నా ఇంటా వంటా లేదు. ఆయన కన్ను మూసి నన్ను అట్టను చూసినట్లు చూసి, "ఇది నాకు తోచలేదు చూడక్కా" అన్నాడు. తరవాత మా వీధిలో పేర్ల చీర నేసినవాళ్ళంతా ఆ పద్ధతే పట్టినారు.

మొదటి చీర హిందూపురంలో ఒక బట్టల అంగడాయన తన కూతురి పెండ్లికి నేయించుకొన్నాడు. ముహూర్తం దగ్గర్లోనే ఉంది. "సరిగ్గా వస్తే నా అంగట్లోనే బోర్డు కట్టి ఆర్డర్లు పడతా. రాకపోతే బిడ్డ పెండ్లిలో నా మొహం చెల్లదు. ఇంగ మీ గడప తొక్కను" అని ముందే అన్నాడు. దాని మీదే మా మగ్గాలు, అట్టలాయన అంగడి నిలబడి ఉన్నాయి. కొయ్య కొనేవాడు అప్పటికే ఒకసారి వచ్చి చూసిపోయినాడు.

చీరంతా నేసి, చివర కొంగులో పేర్ల దగ్గరికొచ్చింది. ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. మేము చీరను బోర్లా నేస్తాం. ముఖం కిందికి, వీపు పైకి. నేసేవాడికి కనపడేది చీర వీపే. ముఖం ఎట్లొచ్చిందో చూసుకోవాలంటే చేతి అద్దం ఒకటి కింద పెట్టి, అందులో చూస్తారు. మా అత్త చూసింది, మా ఇంటాయన చూస్తాడు, ఎవరూ ఇంకో రకంగా చూడరు.

ఇద్దరి పేర్లూ నేయడం అయినాక మా ఇంటాయన అద్దం పెట్టినాడు. ముత్యాల మాదిరి అక్షరాలు. కోడలు అద్దంలోకి వంగి పేర్లు పైకి చదివింది. అట్టలాయన వచ్చి చూసి, "అట్ట మాట నిలబెట్టింది" అన్నాడు. నేను అందరికీ కాఫీ పెట్టినా. చక్కెర వేసినా కూడా.

ఆయన అంగడికి పోయినాక, మా ఇంటాయన చేతిలోంచి జరీ చుట్టిన కండె ఒకటి గుంతలో పడింది. దాంట్లో ఇంకా రోంత జరీ ఉంది. ఆయన వదిలేద్దామన్నాడు. నేను వదుల్తానా? గుంతలోకి దిగి, కండె వెతికి తీసుకొని, లేవబోతూ తలెత్తినా. నెత్తిన చీర ముఖం, జరీ మెరుస్తున్న పేర్లు. చదవబోయినా. ఒక్క అక్షరం తెలియలేదు.

మూడో తరగతి చదువు గదా, అందునా జరీ అక్షరాలు, నాకే చేతగావడం లేదనుకొన్నా. మళ్ళీ చూసినా. కొమ్ములన్నీ ఎడమకు తిరిగినాయి. తలకట్లన్నీ వేరే పక్కకు వాలినాయి.  అద్దంలో చక్కగా కనపడిందంటే, చీర మీద తిరగబడి ఉన్నట్లే గదా! ఇన్నాళ్ళూ అద్దాన్ని నమ్మి నేసినవాళ్ళం. అద్దం చేసే పనేమిటో ఎవరికీ గుర్తు రాలేదు.

కోడలు పరిగెత్తి ఆయన్ను పిలుచుకొచ్చింది. ఆయన ఏమీ అడగకుండా పంచె ఎగగట్టి గుంతలోకి దిగి, వెల్లకిలా వాలినాడు. మాకు పాదాలే కనపడుతున్నాయి.  ఏడుస్తున్నాడేమోనని కోడలు వంగి చూసింది.

"ఏం మామా?"

"నెమళ్ళకు అలవాటు పడిన చెయ్యి పాపా ఇది. నెమలి ఎటు చూసినా నెమలే. అక్షరం అట్లగాదు" అన్నాడు లోపల్నుంచి.

కంప్యూటరు మీద పెట్టి తప్పించుకోవచ్చు. మా ఇంటాయన కూడా ఆ మాటే అందించినాడు, "పాత మిషను గదప్పా, అది చేసింటాది" అని. ఆయన పైకొచ్చి, "అది నేను చెప్పిందే గీసింది. నేను వీపు వైపు చెప్పినా" అన్నాడు. ఎదురుగా వేలాడే అట్టల దండలోంచి ఒక అట్టను పట్టుకొని, ఎప్పటి మాదిరే వెలుతురుకు పట్టినాడు. ఒక కన్ను మూసినాడు. తర్వాత ఆ అట్టనే వెనక్కి ముందుకు తిప్పి మళ్ళీ పట్టినాడు.

"మళ్ళా కొట్టే పనిల్యా. తిరగేసి కుట్టుకుంటే చాలు. ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది."

"అన్నీనా?" అన్నా.

"పేర్ల అట్టలన్నీ. వరస తప్పకూడదు. ఒకటి తప్పినా అక్షరానికి కాలిరుగుతుంది."

నేను చాప పరిచినా. ఆయన కుట్టు విప్పి ఒక్కో అట్ట తిరగేసి ఇస్తే, నేను వరసగా పరిచి, కోడలు కుట్టింది. పక్కన మా ఇంటాయన నేసిన పేర్లను పేక పేకా, అంటే ఒక్కో అడ్డపోగూ, ఊడబీకుతున్నాడు. నేసేటప్పటికంటే ఊడబీకేటప్పుడు చెయ్యి నిదానంగా ఉండాలి, పడుగు తెగితే చీర పోయినట్లే. పక్కింటామె వచ్చి మాట్లాడబోతే నేను కంటితోనే పంపించేసినా. అట్టలాయన ఆ రోజు మధ్యాహ్నం ప్యాసింజరు, సాయంత్రం బస్సు రెండూ వదులుకొన్నాడు. మా ఇంట్లో రాగిసంగటి తిని, పని అయినాకే లేచినాడు.

మర్నాడు మళ్ళీ నేసి మొదటి అక్షరాలు పడినాక, మా ఇంటాయన అలవాటుగా అద్దం తీసినాడు. అట్టలాయన చెయ్యి పట్టి ఆపినాడు.

"అక్కా, నువ్వు దిగి చదువు."

"నేనా? కోడలు పది పాసయింది, ఆ పాపను దింపు."

"పాప గడగడా చదివేస్తాది. లేని అక్షరం గూడా చదివేస్తాది. నువ్వైతే ఒక్కోటి కూడబలుక్కుంటావు. అట్లాంటోళ్ళే కావల్ల నాకు."

పొగిడినాడో తిట్టినాడో తెలియలేదు. దిగినా. తలెత్తి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, బడిలో పంతులు ముందు నిలబడినట్లు గట్టిగా చదివినా. పిల్ల పేరు సగమే నేసి ఉంది. ఆ సగం సరిగ్గా ఉంది. మిగతా సగం పడినాక మళ్ళీ దిగినా. పిల్లోని పేరు పడినాక మళ్ళీ దిగినా.  చివరి అక్షరం చదివి పైకొస్తే, ఆయన మొహం తిప్పుకొని కిటికీకేసి చూస్తున్నాడు. చేతిలో అట్ట లేదు.

ముహూర్తానికి చీర అందింది. పెండ్లి పందిట్లో ఆ పిల్ల కొంగు పట్టుకొని చదవని ఆడమనిషి లేదంట. అంగడాయన చెప్పినట్లే బోర్డు కట్టినాడు. హిందూపురం నుంచి, పెనుకొండ నుంచి, బెంగళూరు నుంచి పేర్లు రాసుకొని వచ్చేవాళ్ళు. ముందుగా పట్టు, జరీ తెచ్చేవాళ్ళు. మా రెండో మగ్గం మీద దుమ్ము తుడిచే పని తప్పింది. నా కొడుకు ఫ్యాక్టరీ మానుకొని వచ్చి మూడో మగ్గంలో కూర్చున్నాడు. కొయ్య కొనేవాడు మళ్ళీ వస్తే, చెప్పులు విడవక ముందే గడపలోనే నీళ్ళిచ్చి పంపించినా.

ఒకరోజు పేర్ల అట్టలు తెచ్చుకొనేదానికి నేను అట్టలాయన అంగడికి పోయినా. ఆయన స్టూలు మీద కూర్చొని సుత్తి కొడుతున్నాడు. ఆ షెడ్డు ఆసామి వచ్చినాడు. మా డిజైన్లన్నీ ఎత్తుకుపోయిన మనిషి, ఇన్నాళ్ళూ అంగడి మెట్టు ఎక్కనివాడు, ఇప్పుడు నవ్వుతూ లోపలికొచ్చినాడు.

"ఏమప్పా బాగుండావా? ఆ పేర్ల కొంగు బలే నడుస్తాండాదంట గదా. ఆ అట్టలు నాకు గూడా ఒక జత కావల్ల. దొంగగా ఎత్తుకొనేది కాదు, అడిగి తీసుకుంటాండా. దుడ్లు ఎంతంటే అంత."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయినా. అట్టలాయన నన్ను గమ్మునుండమన్నట్లు చెయ్యెత్తి, స్టూలు మీది నుంచి లేచినాడు. గోడకు మేకున వేలాడుతున్న అట్టల కట్ట దించినాడు. ఆ హిందూపురం పిల్ల పెండ్లి అట్టలు, మేము తిరగేసి కుట్టినవి. దుమ్ము దులిపి, రెండు చేతులా ఆయప్పకు అందించినాడు.

"దుడ్లు వద్దప్పా, ఊరికే తీసుకుపో. ఇదే పేరు పిల్ల, ఇదే పేరు పిల్లోడు ఇంకొక జత యాడన్నా దొరికితే, ఆ చీర నువ్వే నెయ్యి. ఎన్ని కావల్నంటే అన్ని నెయ్యి. పెండ్లికి మమ్మల్ని గూడా పిలువు, నేనూ అక్కా భోజనానికి వస్తాం."

ఆయప్ప ఆ కట్ట చేతుల్లో పట్టుకొని, ఎత్తుకొని పోనూ లేక, కింద పెట్టనూ లేక, అట్లనే నిలబడినాడు. అట్టలాయన అప్పటికే కూర్చొని, ఇంకో పెండ్లి పేర్లకు కొత్త అట్ట పరిచి సుత్తి ఎత్తినాడు.